కడా కోతల టమోటా తోట: ఉంచేదా, పీకేదా?

వారం రోజులుగా పోస్టు పెట్టలేదు. చేన్లో పనుంది, దానికంటే ఎక్కువ మనసులో పనుంది. ఈ పొద్దు కరెంటు రాలేదు, మోటారు దగ్గర కూర్చుని ఫోన్లో టైపు చేస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి. టమోటా పెట్టేవాళ్ళకు మాత్రం పనికొస్తుందనే అనుకుంటున్నా.

మా ఊరు మదనపల్లెకు పదిహేను కిలోమీటర్లు. నాది ఎకరా ఇరవై సెంట్లు టమోటా, ఫిబ్రవరి మొదట్లో నాటింది. కట్టె తోట. ఇప్పటికి పదమూడు కోతలు కోసినాం. తోట ముదిరిపోయింది. కింద ఆకు పసుపు తిరిగి మచ్చలు పడింది, పైన చిగురు సన్నబడింది, కాయ సైజు తగ్గింది. మీలో చాలామందికి ఇదే స్టేజీ నడుస్తా ఉంటుంది. రోజుకు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగేది ఒకటే మాట: "అన్నా, తోట ఇంకో నెల నిలబెట్టుకోవచ్చునా? ఏం మందు కొట్టాలి?"

మందు సంగతి చెప్తా. దానికి ముందు 2023 సంగతి చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో ముదురు తోట దగ్గర నిలబడిన ప్రతి రైతు తలలో ఆ సంవత్సరం ఉంటుంది.

ఆ ఏడు జనవరి ఆఖర్లో నాటినా. ఏప్రిల్, మే నెలల్లో మార్కెట్టుకు బండి పట్టుకుని పోతే కోత కూలి, బాడుగ పోను చేతికొచ్చేది టీ ఖర్చులకు సరిపోయేది. కొందరు కాయ కోయకుండానే వదిలేసినారు. నేను జూన్ రెండో వారంలో తోట మొత్తం పీకేసినా. గొర్రెల ఆయనను పిలిచి మేపుకోమన్నా. సరిగ్గా రెండు వారాలు. జూన్ ఆఖరుకు ధర లేచింది. జూలైలో కిలో వంద దాటింది, నెల కడాకు మదనపల్లె మార్కెట్టులో మొదటి రకం రెండు వందల దగ్గరికి పోయింది. మా ఊర్లో ఒకాయన అర ఎకరా తోటను బద్ధకం కొద్దీ పీకకుండా ఉంచినాడు. మందు లేదు, మాకు లేదు, గడ్డి మోకాలెత్తు. ఆ గడ్డిలో వెతికి వెతికి ఏరుకున్న కాయలతోనే ఆయన కొత్త బండి కొన్నాడు. నేను మాత్రం మార్కెట్టు ధర ఫోన్లో చూసుకుంటా, దుక్కి దున్నిన ఖాళీ చేను చూసుకుంటా కూర్చున్నా. మా ఇంటామె ఒక్క మాట అనలేదు. అనింటేనే బాగుండు.

సెప్టెంబరుకు ధర మళ్ళీ నేల మీదకు వచ్చింది, అది వేరే కథ. కానీ అప్పటినుంచి నాకొక జబ్బు పట్టుకుంది. ముదురు తోటను పీకాలంటే చెయ్యి రాదు. ఇంకో రెండు వారాలు చూద్దాం, ఇంకో కోత చూద్దాం. ఈ జబ్బు మీకూ ఉంటే ఈ పోస్టు మీకోసమే.

సరే, తోట నిజంగా నిలబెట్టుకోవాలనుకునేవాళ్ళకు నేను చేసేది చెప్తా.

మొదట ఆకు. అడుగు గెలల్లో కాయ కోసేసినాక ఆ కింది ఆకుతో చెట్టుకు పెద్ద పని లేదు. మచ్చ తెగులు ముందు పట్టేది దానికే, వాన చినుకు పడితే మట్టి చింది మచ్చ పైకెక్కేది దానినుంచే. అందుకని కాయ మిగిలున్న అడుగు గెల ఏదో చూసుకుని, దానికి కింద ఉండే ఆకు తీసేయాల. ఒకేసారి బోడి చేయొద్దు. చెట్టుకు రెండు మూడు ఆకులు, మళ్ళీ నాలుగు రోజులకు రెండు మూడు. మంచు ఆరినాక, ఎండ వచ్చినాక చేయండి, తడి మీద చేస్తే గాయంలోంచి రోగం పోతుంది. తీసిన ఆకు సాలులో వదిలేస్తే చేసిన పని దండగ. గంపలో పోసుకుని బయటికి తీసుకుపోవాల్సిందే. మా కూలోళ్ళకు ఇది చెప్పీ చెప్పీ నా నోరు పోయింది. గట్టు మీద పోసేస్తారు, గాలికి మళ్ళీ తోటలోకే వస్తుంది.

పడమటి పక్క ఆకు మాత్రం కాస్త చూసి తీయండి. మధ్యాహ్నం ఎండ నేరుగా కాయ మీద పడితే తెల్లగా ఉడికినట్టు మచ్చ పడుతుంది. ఆ కాయ మార్కెట్టులో గంపకిందికే. ఒక ఏడు ఉత్సాహం కొద్దీ తోటంతా నీట్‌గా గొరిగినట్టు చేసినా, ఫోటో తీసి ఇదే పేజీలో పెట్టినా, మీరంతా సూపర్ అన్నా అని కామెంట్లు పెట్టినారు. వారానికి నూటికి ముప్పై కాయలు ఎండదెబ్బ తిన్నాయి. అది పోస్టు పెట్టలేదు.

రెండోది చిగురు. పూత విచ్చినాక అది పండు కావడానికి నెలన్నర పైనే పడుతుంది. మీరు తోటను ఇంకో నెలే ఉంచాలనుకుంటే ఈరోజు విచ్చే పూత మీకు కాయ ఇవ్వదు, ఉన్న కాయ తిండి మాత్రం తింటుంది. కాబట్టి ఆఖరు కోత ఎప్పుడో ముందే అనుకుని, దానికి నెలన్నర ముందు చిగురు గిల్లేయండి. పై గెల మీద రెండు ఆకులు ఉంచి గిల్లితే చాలు. అప్పుడు ఉన్న కాయ సైజు వస్తుంది. ఇది మా నాయన కాలంలో ఎవరూ చేసేవాళ్ళు కాదు, అప్పుడు నేల తోటలు కదా. నేను కూడా మొదట నమ్మలేదు. ఒక సాలు గిల్లి, పక్క సాలు వదిలేసి చూసినా. మూడు వారాలకు కంటికే తెలిసింది.

మూడోది ఎరువు. ముదురు తోట పాలిపోతా ఉందని చాలామంది యూరియా వదుల్తారు. వదిలిన వారానికి పచ్చబడుతుంది, మనసు చల్లబడుతుంది, నిజమే. కానీ వచ్చేది ఆకు, కాయ కాదు. ఆ లేత ఆకుకు తెల్లదోమ వెతుక్కుంటా వస్తుంది. కడాలో చెట్టుకు కావాల్సింది పొటాష్. 13-0-45 అయితే ఎకరాకు నాలుగైదు కిలోలు, నాలుగైదు రోజులకొకసారి డ్రిప్పులో ఇస్తా. ఆకు మీద అయితే 0-0-50 లీటరుకు 5 గ్రాములు. కాయకు రంగు, గట్టితనం దానితోనే. మళ్ళీ ఎండ మరీ ఎక్కువైతే ఏమిచ్చినా కాయ ఎర్రగా తిరగదు, పసుపు నారింజ రంగులోనే నిలిచిపోతుంది. అది ఎండ పని, ఎరువు లోపం కాదు. దానికి మందులంగడిలో వెయ్యి రూపాయల డబ్బా అంటగడతారు, కొనొద్దు.

కాయ అడుగున నల్లగా తోలు మాదిరి మచ్చ పడితే అది తెగులు కాదు. క్యాల్షియం కాయకు అందక వచ్చేది. భూమిలో క్యాల్షియం లేక కాదు, నీళ్ళు ఒక పొద్దు ఎక్కువ, మూడు పొద్దులు లేకుండా ఇచ్చినందుకు. నీళ్ళతోపాటే కదా అది చెట్టులోకి పోవాల్సింది. క్యాల్షియం నైట్రేట్ ఇవ్వండి, కానీ ముందు నీళ్ళు సమంగా ఇవ్వండి. రోజూ కొంచెం. బోర్లో నీళ్ళు తక్కువగా ఉన్నా సరే, మూడు రోజులకొకసారి నాలుగు గంటలు వదిలే బదులు రోజుకు గంట మేలు. ఎండబెట్టి ఎండబెట్టి ఒక్కసారి తడిపితేనో, వాన పడితేనో కాయ పగులుతుంది. ఇప్పుడు వానలు మొదలైనాయి కాబట్టి మబ్బు చూసినప్పుడల్లా దోరకాయ అంతా కోసేసుకోవడం మంచిది. దూరం బండ్లకు, మద్రాసుకో ఢిల్లీకో పోయే కాయకు ఎలాగూ దోరదే కావాల.

ఇక్కడ నేను చేసిన ఒక తెలివి తక్కువ పని చెప్పాల. క్యాల్షియం నైట్రేటు, 0-0-50 రెండూ ఒకే డ్రమ్ములో కలిపి వెంచూరీకి పెట్టినా, పని మిగులుతుందని. రెండూ కలిస్తే తెల్లగా విరుగుతుంది, సున్నం మాదిరి అడుగున కూర్చుంటుంది. ఆ తెల్లదంతా లైన్లలోకి పోయి డ్రిప్పర్లు మూసుకున్నాయి. సగం తోట ఎండుతా ఉంటే వైరస్సేమో అనుకుని రెండు మందులు కొట్టినా. మూడో రోజు మా పెద్దోడు లైను ఊది చూసి, "నాయనా, నీళ్ళే రాలేదు" అన్నాడు. ఈరోజు క్యాల్షియం ఇస్తే మిగతావి రెండు రోజుల తర్వాత. కలపనే కలపొద్దు.

మందు సంగతి. మచ్చ తెగులుకు మాంకోజెబో, కాపర్ ఆక్సీక్లోరైడో లీటరుకు 3 గ్రాములు అందరికీ తెలిసిందే. నేను చెప్పేది వేరే. డబ్బా మీద లేబుల్లో మందు కొట్టినాక ఎన్ని రోజులకు కాయ కోయాలో రాసుంటుంది. చిన్న అక్షరాలే, కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి. కడా కోతల్లో మనం నాలుగు రోజులకొకసారి కోస్తాం. ఏడు రోజులు ఆగాల్సిన మందు కొట్టి నాలుగో రోజు కోస్తే ఆ కాయ ఎవరి ఇంట్లోనో పప్పులోకి పోతుంది. మన ఇంట్లోకి కూడా అదే కాయ తెచ్చుకుంటాం. కోత విరామం కంటే ఎక్కువ రోజులున్న మందు ఈ స్టేజీలో కొట్టడానికి లేదు. అప్పుడు చేతిలో మిగిలేవి తక్కువ: వేపనూనె, లింగాకర్షక బుట్టలు, చేత్తో ఏరేయడం. వీటితో ముదురు తోటలో ఊజీ ఆగుతుందా అంటే, ఆగదు. తగ్గుతుంది.

ఊజీ అంటే మన దగ్గర అందరికీ తెలుసు. పట్టుపురుగుల్లో వచ్చే ఊజీ పేరే దీనికీ పెట్టేసినాం, కానీ అది ఈగ, ఇది చిన్న బూడిద రంగు రెక్కల పురుగు. టూటా అంటారు. మన దేశంలో మొదట 2014లో మహారాష్ట్రలో కనపడింది, తర్వాత కర్ణాటక మీదుగా మన మీదికీ వచ్చింది. ఆకు లోపల పచ్చదనం తినేసి తెల్ల పొరలు చేస్తుంది, కాయ తొడిమ దగ్గర గుండుసూది బెజ్జం చేసి లోపలికి పోతుంది. ఒక్కొక్క ఆడ పురుగు రెండు వందల పైన గుడ్లు పెడుతుంది. ఎండాకాలంలో నెల తిరక్కుండా ఇంకో తరం తయారు. ముదురు తోటలో దానికి ఆకూ ఉంది, కాయా ఉంది, మందు వాసన లేదు. అంతకంటే మంచి ఇల్లు దానికి ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు నిరుటి సంగతికి వస్తా. ఇది రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించినా. ఇంట్లో అడిగితే, రాయి, ఎవరికైనా బుద్ధి వస్తుంది అన్నారు.

నా చేను పక్కనే మా తమ్ముడి చేను. మధ్యలో గట్టు, గట్టు మీద రెండు కానుగ చెట్లు. నాయన పంచిచ్చింది. నిరుడు నా తోట ఇదే మాదిరి ముదిరిపోయి ఉంటే నేను పీకలేదు. 2023 తలలో ఉంది కదా. తమ్ముడు జూన్ ఆఖర్లో ఎకరా కొత్త నారు నాటినాడు. నాటేముందు ఒక రోజు వచ్చి, "అన్నా, తోట ఎప్పుడు పీకుతావు?" అని అడిగినాడు. వారంలో పీకేస్తా అన్నా. వారం పోయింది. ధర కాస్త లేచింది. ఇంకో రెండు కోతలు అనుకున్నా. వాడు మళ్ళీ అడగలేదు. అన్నను రెండోసారి అడిగే రకం కాదు వాడు.

ఆ తర్వాత నేను చేసిన తప్పు ఏమిటంటే, పీకలేదు సరే, నీళ్ళు ఆపేసినా. ధర మళ్ళీ పడింది, ఇంగ కూలి దండగ, నీళ్ళాపితే అదే ఎండిపోతుంది, ఎండినాక తీరిగ్గా కట్టెలు తీసుకుందాం అనుకున్నా. మీలో నూటికి తొంభై మంది చేసేది ఇదే. వినండి. తెల్లదోమ కూర్చునేది పచ్చ ఆకు మీద. ఆకు ఎండుతా ఉంటే అది చచ్చిపోదు, లేచి పోతుంది. ఎక్కడికి పోతుంది? దగ్గర్లో పచ్చగా, లేతగా ఏముంటే అక్కడికి. నా తోటలో ముడత వైరస్సున్న చెట్లు అప్పటికే చాలా ఉన్నాయి. ముదురు చెట్టుకు ముడత వచ్చినా కాయ ముందే పట్టింటుంది కాబట్టి మనకు పెద్దగా నష్టం తెలీదు. కానీ ఆ చెట్టు రసం తాగిన దోమ చానా రోజులు ఆ రోగాన్ని మోసుకుని తిరుగుతుంది. నాటి నెల లోపల చెట్టుకు ముడత వచ్చిందంటే ఇంగ దాంట్లో కాయ చూసుకోనక్కర్లేదు.

నా తోట పది రోజుల్లో ఎండింది. పదిహేనో రోజు నుంచి తమ్ముడి తోట ముడుచుకోవడం మొదలు పెట్టింది. మొదట గట్టు పక్క నాలుగు సాళ్ళు. తర్వాత ఎనిమిది. వాడు పొద్దున్నే ఒక్కొక్క చెట్టు పీకి గోతంలో వేసుకుంటా పోయేవాడు. నేను గట్టు ఇవతల నిలబడి చూసేవాణ్ణి. ఒక రోజు నేనే పోయి, "నర్సరీలో నారులోనే వచ్చింటుంది రా, వాళ్ళను అడుగు" అన్నా. వాడు నా ముఖం కూడా చూడలేదు. "అట్లే ఉంటుందిలే అన్నా" అన్నాడు.

మా మరదలు మాత్రం ఊరుకోలేదు. సాయంత్రం పాలు తీసుకుని పోతా నా చేను దగ్గర ఆగి, "బావా, నారులో వచ్చింటే గట్టు పక్కనుంచి వరసగా వస్తుందా? తోట నడుమ కూడా రావాల కదా" అంది. అంతే. నాకు బదులు లేదు. నేను ఇంటర్ చదివినా, ఆమె ఏడో తరగతి. వైరస్సు ఎక్కడినుంచి వచ్చిందో ఆమె సాళ్ళు లెక్కబెట్టి కనిపెట్టింది.

ఎకరాలో ముప్పాతిక భాగం పోయింది. నారు, మల్చింగ్ షీటు, దుక్కి, మందులు, కూలి అంతా కలిపి అప్పటికే వాడికి లక్షకు పైన అయ్యింది. అందులో కొంత నేను పూచీ ఉండి ఇప్పించిన అప్పే. వాడు గొడవ పెట్టలేదు. దసరాకు మా ఇంటికి రాలేదు, అంతే. ప్రతి సంవత్సరం వచ్చేవాడు. మా అమ్మ రెండు ఇళ్ళ మధ్య బొబ్బట్లు మోసుకుని తిరిగింది.

నేను ఆ చివరి రెండు కోతల్లో ఎంత సంపాదించినానో లెక్క రాసి పెట్టుకున్నా. ఖర్చులు పోను ఏడు వేల ఎనిమిది వందలు.

ఇప్పుడు ఈ ఏడు. సంక్రాంతికి నేనే వాళ్ళింటికి పోయినా. మాట మాట కలిసింది. వాడు జూలై మొదటి వారంలో నారు నాటుతా అన్నాడు, నర్సరీలో చెప్పేసినాడు. నువ్వు నాటడానికి పదిహేను రోజుల ముందే నా తోట నేలమీద ఉండదు అని చెప్పినా. వాడేమీ అనలేదు, మరదలు మాత్రం క్యాలెండర్లో ఏదో గుర్తు పెట్టింది, నేను చూసినా.

ఆ పదిహేను రోజులు ఇప్పుడు వచ్చినాయి. ధర లేస్తా ఉంది.

మొన్నటి కోత లెక్క చెప్తా, మీరే చూడండి. ముప్పై ఎనిమిది బాక్సులు. అందులో మొదటి రకం పద్నాలుగు, బాక్సు 450. మిగతా ఇరవై నాలుగు 200. మొత్తం 11,100. కోతకు ఎనిమిది మంది, తలా 400, అది 3,200. బాడుగ 950. మధ్యలో కొట్టిన మందు, ఎరువు 2,500. కమీషను, హమాలీ పోతే చేతికి నాలుగు వేల లోపు. ఇంకో నాలుగు కోతలు కోస్తే పదహారు వేలు అనుకోండి. ధర రెండింతలయితే యాభై వేల పైనే. మూడు నాలుగింతలయితే? అక్కడే కదా 2023 వచ్చి కూర్చునేది.

మండీ ఆయన మొన్న ఫోన్ చేసి, "తోట పీకొద్దు, మూడు వారాలు ఆగు, సరుకు తక్కువుంది, ధర చూస్తావు" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. ఆయనకు సరుకు కావాల, చెప్తాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన చేను పక్కన ఆయన తమ్ముడి చేను లేదు, అంతే తేడా.

తమ్ముడు కూడా నిన్న వచ్చినాడు. వాడూ ధర చూస్తానే ఉంటాడు కదా. కానుగ చెట్టు కింద కూర్చుని, "అన్నా, కావాలంటే నేను పది రోజులు ఆలస్యంగా నాటుకుంటాలే" అన్నాడు. ఆ మాట వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు, నాకు తెలుసు. కానీ ట్రేలో నారు ఇరవై అయిదు, ముప్పై రోజులకు నాటుకోవాల. నలభై రోజులైతే వేరు ట్రేలో చుట్టుకుని, కాండం పొడుగు సాగి, నాటినాక కోలుకునేసరికి నెల పోతుంది. అది వాడికీ తెలుసు. తెలిసే అన్నాడు.

సగం తోట పీకి, గట్టుకు దూరంగా ఉండే సగం ఉంచుదామా అని కూడా ఆలోచించినా. రాత్రి పడుకుని ఆలోచిస్తే చానా తెలివైన ఆలోచన మాదిరి ఉండింది. పొద్దున్నే పోయి చేన్లో అడుగులు కొలిస్తే గట్టు నుంచి ఆ సగం మొదలయ్యేది నూట ఇరవై అడుగులు. ఊజీకి అదొక దూరమా!

పీకేస్తున్నా. గురువారం కడా కోత, ఉన్నదంతా, పచ్చికాయతో సహా. పచ్చికాయ ఇంట్లో బోద కింద వేసి మాగబెట్టుకుంటే వారం రోజులు ఊర్లో అమ్ముకోవచ్చు. పచ్చడికి అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. శుక్రవారం పొద్దున్నే తెల్లదోమకు మందు కొట్టిస్తా. కాయ లేదు కాబట్టి ఇప్పుడు రోజుల లెక్క అడ్డం లేదు. ఇది నిరుడు చేయలేదు: ముందు దోమను చంపి తర్వాత చెట్టు పీకాల. చెట్టు పచ్చగా ఉండగానే. నీళ్ళు కూడా ఆపలేదు, మందు కొట్టే రోజు వరకు వదుల్తానే ఉన్నా. శనివారం తెల్లారకముందు మొదలు పెట్టి, ఎండెక్కకముందే పీకేది. చల్లపూట పురుగు పెద్దగా ఎగరదు. పీకిన చెట్టు గట్టు మీద వేయొద్దు, కాలవలో వేయొద్దు. నేను జేసీబీతో మూలన గుంత తీయించినా, అందులో వేసి మట్టి కప్పేస్తా. గుంత తీయలేనివాళ్ళు కుప్ప వేసి పాత మల్చింగ్ షీటు కప్పి అంచులకు మట్టి వేసేయండి, ఎండకు లోపల ఉడికిపోతుంది. రాలిన కాయ కూడా ఏరాల, అందులో పురుగు ఉంటుంది. గొర్రెలకు మాత్రం వదలొద్దు. మందు కొట్టిన ఆకు అది. 2023లో నేను వదిలినా, ఆ గొర్రెల ఆయన అదృష్టం బాగుండి ఏమీ కాలేదు.

తర్వాత ఆ చేన్లో వంగ, మిరప, ఉర్లగడ్డ ఏదీ పెట్టను, అన్నీ టమోటా చుట్టాలే. ఒకరి రోగం ఒకరికి. జొన్నో, మొక్కజొన్నో చల్లుతా, ఆవులకు మేతయినా అవుతుంది.

ధర రేపు పెరుగుతుందో లేదో నేను చెప్పలేను. పెరిగితే మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఏమీ అనరు, నేనే ఫోన్లో ధర చూసుకుంటా కూర్చుంటా. మీరు కామెంట్లలో ఎగతాళి చేసుకోండి, పర్వాలేదు.

ఒక పని మాట. నా దగ్గర మూడు వేల పైన నీలగిరి కట్టెలు ఉన్నాయి, రెండు పంటలు వాడినవి, ఇంకో రెండు పంటలకు వస్తాయి. అడుగు చెదలు పట్టినవి ఏరేసి, మిగతావి బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో ముంచి ఎండబెడతా, పాత తెగులు వాటితో ఇంకో తోటకు పోకుండా. అందులో తమ్ముడికి కావాల్సినవి వాడు తీసుకుంటాడు. మిగిలేవి చుట్టుపక్కల ఊర్లలో ఎవరైనా కొత్తగా కట్టె తోట పెట్టేవాళ్ళుంటే ఆదివారం తర్వాత వచ్చి చూసుకోండి. రేటు చూసినాక మాట్లాడుకుందాం. గడ్డపార మీరే తెచ్చుకోండి, నాది విరిగిపోయింది.